నింపి ఉంచిన బకెట్

మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ సోమవారం పొద్దున వరంగల్ దవాఖానలో చనిపోయింది. చేనులో మిర్చి ఏరుతుంటే ఫోన్ వచ్చింది. విన్నాక కూడా చాలాసేపు ఏరుతూనే ఉన్నాను. మనసులో మాత్రం మా ఇంటి తలుపు చప్పుడే. మీకు ఆమె తెలియదు కాబట్టి మొదటి నుంచి చెప్తాను.

ఇంటింటికీ మరుగుదొడ్లు కట్టిన కొత్తలో అందరం వాటిని సామాన్ల గదులు చేసుకున్నాం. ఒకరు కట్టెలు పేర్చారు, ఒకరు మేకపిల్లల్ని కట్టేశారు. మేము మిర్చి బస్తాలు పెట్టి, చెంబు పట్టుకుని చెరువు వైపే పోయేవాళ్లం. ఆఫీసర్లు వచ్చి మీటింగులు పెడితే చప్పట్లు కూడా కొట్టేవాళ్లం. టీచరమ్మ మీటింగ్ పెట్టలేదు. ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, చాయ్ తాగి, "బిడ్డా, జర లెట్రిన్ ఎటు?" అంది.

నేనూ మా అత్తా మొహాలు చూసుకున్నాం.

"అండ్ల బస్తాలున్నయి టీచరమ్మా" అంది అత్త.

"తియ్యుండ్రి. నేను ఈడనే కూసుంట."

కూర్చుంది. ఎనిమిది బస్తాలు మోసేసరికి మా నడుములు పడిపోయాయి. లోపలికి వెళ్లిన మనిషి ఘాటుకు తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది. సబ్బు అడిగి చేతులు కడుక్కుని, "రేపు గూడ వస్త" అంది. నిజంగానే వారం రోజులు వచ్చింది. ఇక బస్తాలు మళ్లీ ఎవరు పెడతారు? "చెప్తే ఎవలు ఇనరు బిడ్డా. వాడితెనే అలవాటైతది" అనేది. ఇలాగే ఊరంతా తిరిగింది. మోకాళ్ల నొప్పులతో చెరువు కట్ట ఎక్కలేని మా అత్త, తర్వాత ఆమెను తలవని రోజు లేదు.

కానీ ఊరు ఊరుకుంటుందా? "కడుపు బాగలేని టీచరమ్మ" అని పేరు పెట్టింది. ఆమె గల్లీలోకి వస్తే తలుపులు పడేవి. నేనూ నవ్వాను. రిటైరయ్యాక కూడా ఆ పేరు ఆమెను వదల్లేదు. భర్త పోయాడు, పిల్లల్లేరు, ఒక్కతే ఉండేది.

కిందటి వానాకాలం ఒకరోజు ఆమె వస్తుంటే కిటికీలోంచి చూశాను. టీవీ సౌండ్ తగ్గించి గొళ్లెం పెట్టాను. రెండుసార్లు తలుపు కొట్టింది.

"బిడ్డా, లెట్రిన్ కోసం రాలే. ఊకెనే వచ్చిన."

తలుపు వెనకే నిలబడ్డాను. కాసేపటికి చెప్పుల చప్పుడు దూరమైంది. తర్వాత బస్సు కోసం నిలబడ్డప్పుడు కలిస్తే ఆ మాటే ఎత్తలేదు. "ఓసారి మా ఇంటికి రారాదు" అంది. "వస్త టీచరమ్మా" అన్నాను. నాలుగిళ్ల అవతలే. సిగ్గుతో వెళ్లలేకపోయాను. ఆ ఒక్క గొళ్లెం తీసి ఉంటే ఈ రోజు ఇంత బాధ ఉండేది కాదు.

ఆమె పోయిన మూడో రోజు వాళ్లింటికి వెళ్లాను. ఆమె చెల్లెలు ఒక్కతే ఉంది. టీచరమ్మ మాటే నోటికొచ్చి, "అమ్మా, జర లెట్రిన్ ఎటు?" అన్నాను.

ఆమె పెరటి వైపు చూపించింది. "మా అక్క దినాం బకెట్ నింపి పెట్టేది, ఎవలన్న వస్తరేమోనని. దవాఖానకు పోయే పొద్దు గూడ నింపింది."

బకెట్‌లో అంచు దాకా నీళ్లు. గూట్లో రెండు సబ్బులు. ఒకటి ఆమె వాడి వాడి అరిగిపోయిన ముక్క. ఇంకోటి వచ్చేవాళ్ల కోసం పెట్టింది, పైన అక్షరాలు కూడా చెరగలేదు. పక్కన మడతపెట్టిన తువ్వాల.

ఆ కొత్త సబ్బుతోనే చేతులు చాలాసేపు కడుక్కున్నాను. నల్లా తిప్పి బకెట్ మళ్లీ అంచు దాకా నింపాను. బయటికొస్తూ తలుపు వేయబోతే చేయి రాలేదు. తెరిచే ఉంచి వచ్చాను.