పవిత్ర చెరిపేసిన గ్రాఫు

ఏసుదాసు పెనుకొండలో పద్దెనిమిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాడు. సొంతూరు రొద్దం. నల్లబల్ల మీద ఆయన చేత్తో పరావలయం గీస్తే అచ్చువేసినట్టుండేది. బడికి కంప్యూటరు, పెద్ద తెర వచ్చాక మాత్రం బెరుకు పట్టుకుంది. తనకన్నా చిన్న టీచర్లు దాన్ని చకచకా వాడుతుంటే, రాదని చెప్పుకోలేక, స్ప్రెడ్‌షీట్‌లో గ్రాఫులు గీయడం ఇంట్లో సొంతంగా నేర్చుకున్నాడు.

పదో తరగతిలో ఆ రోజు పాఠం y = -x² + 4. ఒక నిలువు వరుసలో x విలువలు కొట్టి, పక్క వరుసలో సూత్రం రాసి కిందికి లాగాడు. తెర మీద వక్రం గిన్నెలా పైకి తెరుచుకుంది. పిల్లలు దాన్ని చూసి గీస్తుండగా పవిత్ర లేచింది.

"సార్, నాకు బోర్లించినట్టు వచ్చిండాది. x కు మూడు పెడితే మైనస్ ఐదు వస్తాది."

"కంప్యూటర్ కన్నా నీకు ఎక్కువ తెలుసా? మైనస్సులు సరిగ్గా చూసుకోమ్మా."

తరగతి నవ్వింది. పవిత్ర తన గ్రాఫు చెరిపేసి, తెర మీదున్నట్టే గీసింది. ఆయన టిక్కు పెట్టాడు.

రెండు నెలలకు హిందూపురంలో లెక్కల టీచర్లకు శిక్షణ. ఏసుదాసు అదే షీటు చూపించాడు. నిర్మల అనే టీచరు దగ్గరికి వచ్చి, ఇంకెవరికీ వినపడకుండా చెప్పింది.

"సార్, ముందుండే మైనస్‌ను ఈ షీటు x తో కలిపి వర్గం చేస్తాది. x² కు బ్రాకెట్ పెట్టల్ల. నేనూ ఒకసారి ఇట్లే మోసపోయినా."

మూడు వర్గం తొమ్మిది. ముందు మైనస్. నాలుగు కలిపితే మైనస్ ఐదు. నోటితో చెప్పే లెక్క. తప్పు యంత్రానిదని సర్దుకోబోయాడు గానీ మనసు ఒప్పుకోలేదు. ఆ పిల్ల చెప్పినప్పుడు లెక్క వేసి చూడలేదు. చూస్తే తనకు కంప్యూటరు పని రాదని అందరికీ తెలిసిపోతుందని భయపడ్డాడు.

ఈలోగా పవిత్ర వాళ్లు నేతపని కోసం ధర్మవరం మారిపోయారు. ఏసుదాసు ఆదివారం రైలెక్కి, ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. ఆమె తండ్రి వెంకటరాముడు మగ్గం ఆపి లేచాడు.

"ఏం సార్, ఇంత దూరం వచ్చినారు? పిల్ల ఏమన్నా తప్పు చేసిందా?"

"తప్పు నాదప్పా," అని జరిగిందంతా చెప్పాడు. పవిత్ర గడప దగ్గర నిలబడి వింది.

"నీదే కరెక్టమ్మా. నిన్ను అందరి ముందర చిన్నబుచ్చినా."

"నాకు తెలుసు సార్. ఇంటికొచ్చి మళ్లా వేసి చూస్తి. మైనస్ ఐదే వచ్చె."

"మరి వచ్చి చెప్పలేదేం?"

"ఇంగోసారి నవ్వుతారని."

ఆయన తలెత్తలేకపోయాడు. వాళ్లిచ్చిన టీ అట్లాగే తాగి లేచాడు.

సోమవారం తరగతిలో ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇప్పటికీ ఎవరైనా "సార్" అని లేస్తే ఆయన ముఖం ఒక్క క్షణం వాడిపోతుంది. ఆ తర్వాత సుద్దముక్క వాళ్ల చేతికిచ్చి, లెక్క వేయమంటాడు.