కొరమేనుకి రుద్దిన ఉప్పు

దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ ఫ్యాను కింద చోటుంది. చిటికెడు ఉప్పుతో మా అమ్మాయి కష్టమంతా ముంచేయబోయిన నా ఘనకార్యం చెబుతాను.

మా చేలల్లో గ్యాసు గొట్టాలు వేస్తున్న రోజులవి. మా సుగుణ తొమ్మిదో తరగతి. రాజోలులో సైన్సు ప్రదర్శన పెట్టారు. గెలిస్తే కాకినాడ పంపిస్తారట. పిల్లకి ఆ ధ్యాసలో అన్నం సయించడం లేదు.

"పూర్వం డాక్టర్లు నరాలంటే బోలు గొట్టాలనీ, వాటిల్లో ఏదో ఆవిరి పారుతుందనీ అనుకునేవారమ్మా," అంది.

"మన చేలో గొట్టాల్లాగానా?"

"అలాగే. తరవాత ఇటలీలో ఓ డాక్టరు చచ్చిన కప్ప కాలికి రెండు రకాల లోహాలు తగిలిస్తే అది తన్నిందట. కరెంటు కప్పలోనే ఉందన్నాడు. ఇంకొకాయన కాదు, లోహాల్లో ఉందన్నాడు. ఒకటే వాదులాట."

"కప్ప కోసమా? ఇంట్లో ఆడవాళ్ళు పనేం చెప్పలేదా వాళ్ళకి?"

ఆ ప్రయోగమే చేసి చూపిస్తానంది గానీ, తీరా కప్పని కోయడానికి పిల్లకి చేతులు రాలేదు. కొరమేను అయితే కోశాక కూడా కాసేపు కదులుతుంది, అది పెడదామన్నాను. బిందెలో బతికున్న చేప, నా చంకలో కత్తిపీట, ఆటోలో మేమిద్దరం. మేళం ఒక్కటే తక్కువ.

"నువ్వు కొయ్యడమేనమ్మా. ఇంకేం చెయ్యకు," అని చెప్పి పిల్ల రెండు రకాల లోహాల తీగలు సర్దుకుంటోంది.

కోశాను. కోసిన చేపని నీచు వాసనతో పెద్దమనుషుల ముందు పెడతామా, మీరే చెప్పండి? చేతులు కడుక్కోవడానికని తెచ్చిన ఉప్పూ పసుపూ ముక్కకి శుభ్రంగా రుద్దేశాను.

అంతలో బహుమతులు నిర్ణయించే మేష్టారు వచ్చారు. పిల్ల ఆయనకి ఇటలీ డాక్టరు కథంతా చెప్పి, తీగ చేతిలోకి తీసుకుందో లేదో, అరిటాకు మీద ముక్క చిందులేసింది.

"తీగలింకా తగల్లేదు కదమ్మా?" అన్నారాయన.

పిల్ల మొహం సున్నం కొట్టిన గోడైపోయింది. "ఏం చేసేవమ్మా?"

"ఏం లేదే, కొంచెం ఉప్పు."

"ఎంత?"

"కూరకి సరిపడా."

మేష్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "అయితే మీ ఇటలీ డాక్టరు ఓడిపోయినట్టేనా తల్లీ?"

నేను మిగిలిన ఉప్పు కొంగులో దాచేశాను. పిల్ల మాత్రం ముక్కనే చూస్తూ నెమ్మదిగా అంది. "లేదండీ, గెలిచేరండీ. ఇక్కడ లోహమన్నదే లేదు కదండీ. ఉత్త ఉప్పు తగిలితేనే కదిలిందంటే, ఆ గుణం దీని ఒంట్లోనే ఉందండీ. ఆయన కూడా తరవాత లోహం లేకుండానే కప్ప కాలు కదిలించేరండీ. ఇప్పుడు తీగలు కూడా పెడతాను, చూడండి."

పెట్టింది. ముక్క మళ్ళీ తన్నింది.

"ఆయ్, బావుందమ్మా," అన్నారు మేష్టారు. మొదటి బహుమతి మాదే. తిరుగు ప్రయాణంలో నేను ఆటోలో కూర్చోలేదండీ, అంబారీ మీద కూర్చున్నాను.

ఇక కాకినాడలో ఉప్పు కూడా ప్రయోగంలో భాగమే. చేప, బిందె, కత్తిపీట, తీగలు, ఆఖరికి అరిటాకుతో సహా మోసుకెళ్ళాం.

"అమ్మా, ఉప్పు," అని పిల్ల చెయ్యి చాపింది.

వద్దన్న రోజు రుద్దినదాన్ని, కావాలన్న రోజు ఇంట్లో మరిచిపోయి వచ్చాను. పక్క బల్ల దగ్గరి అమ్మాయి జామకాయలోకి తెచ్చుకున్న ఉప్పు పొట్లం ఇచ్చి మా పరువు కాపాడింది. కొరమేను అక్కడా ఎగిరింది, బహుమతీ మా ఇంటికే వచ్చింది.

ఆ కొరమేను సాక్షిగా ఒట్టేసుకున్నాను: ఇక జన్మలో అడగనిదే ఉప్పు రుద్దను, ఉప్పు లేనిదే గడప దాటను.

మీ ఇంట్లో ఉప్పు జాడీ ఎప్పుడూ నిండుగా ఉండాలి. మీ పొరపాట్లని కూడా బహుమతులుగా మార్చే పిల్లలు మీ కడుపున పుట్టాలి.