చీపురుపుల్ల జవాబు

లోకంలో ఎవరైనా ముందు మొక్క కొంటారు, అది నచ్చితే తర్వాత దాన్ని హాబీ అంటారు. నేను ముందు హాబీ రాసి, ఆ తర్వాత మొక్క కొన్నాను.

సివిల్స్ రాసేవాళ్ళకి ఇందులో వింతేమీ కనిపించదు. మెయిన్స్ గట్టెక్కి ఇంటర్వ్యూకి వెళ్ళేవాడు తన అభిరుచులేమిటో దరఖాస్తులో రాయాలి. బోర్డువాళ్ళు వాటిని పట్టుకుని ప్రశ్నలు వేస్తారు. ఢిల్లీలో కటవారియా సరాయ్ అద్దె గదుల్లో ఏళ్ళ తరబడి పడి చదివే మాకు అభిరుచులెక్కడివి? టీ తాగడం, రాజకీయ నాయకుల్ని తిట్టడం, మధ్యాహ్నం నిద్రపోవడం. ఇవి రాస్తే బాగుండదని, నా గదిలోనే ఉండే తెనాలివాడు బాగా ఆలోచించి ఒకటి చెప్పాడు.

"క్రికెట్టూ, పుస్తకాలూ అందరూ రాసి చస్తార్రా. నీది అనంతపురం కదా. ఎడారి మొక్కలు పెంచుతానని రాసెయ్. దాన్ని పట్టుకుని కరువు గురించి అడుగుతారు, నీళ్ళ గురించి అడుగుతారు, అదంతా నీకు కొట్టిన పిండేగా."

"మా ఊర్లో ముండ్ల చెట్టును కంచెకేస్తారు గానీ, కుండీలో పెట్టుకోని ఎవురు పెంచుతార్రా?"

"ఆ సంగతి బోర్డుకేం తెలిసిద్ది?"

రాసేశాను. రాశాక భయం పట్టుకుని రోడ్డు పక్క నర్సరీకి వెళ్ళి ఒక కాక్టస్ కొనుక్కొచ్చాను. బత్తాయికాయంత ఉంది. ఒళ్ళంతా ముళ్ళు. పరీక్షకు చదివినంత శ్రద్ధగా రోజూ మగ్గుతో నీళ్ళు పోశాను. అడుగు మెత్తబడటం మొదలయ్యేసరికి తెనాలివాడు నా చేతిలోంచి మగ్గు లాక్కున్నాడు.

"చంపేస్తావురా దాన్ని. నువ్వెళ్ళి చదువుకో, నేను చూసుకుంటాలే."

అప్పటికి వాడికి మెయిన్స్ పోయింది. అదే వాడి ఆఖరి అటెంప్ట్. ఫలితాలు వచ్చిన వారమే ఇంటికి రైలెక్కాల్సినవాడు, నీ ఇంటర్వ్యూ అయ్యాక పోతాలేరా అని ఆగిపోయాడు. మా గది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఎండ మొహం చూడని గది అది. అందుకని పొద్దున్నే కుండీ పట్టుకుని మేడ మీదకి వెళ్ళేవాడు. నీళ్ళ ట్యాంకు పక్కన దాన్ని పెట్టి, తనూ అక్కడే కూర్చునేవాడు. ఇన్నేళ్ళు చదివిన చదువు ఏ ఒడ్డుకీ చేర్చకపోతే మనిషి ఎక్కడ కూర్చోవాలో నాకు తెలియదు. వాడు కాక్టస్ పక్కన కూర్చున్నాడు.

చూసిచూసి వాడికి దాని గుట్టంతా తెలిసిపోయింది. మట్టిలోకి చీపురుపుల్ల గుచ్చి తీసేవాడు. పుల్లకి తడి మట్టి అంటుకుంటే నీళ్ళు అక్కర్లేదు. శుభ్రంగా, పొడిగా వస్తే పోయాలి. ఎండ వైపు ఒరుగుతోందని కుండీని కొంచెం కొంచెం తిప్పేవాడు. ముళ్ళ మధ్య పేరుకున్న ఢిల్లీ దుమ్ముని పాత టూత్‌బ్రష్‌తో దులిపేవాడు. కిందికి దిగి వచ్చాక నాకు పాఠం చెప్పేవాడు.

"దీనికి దాహమేస్తే పొట్ట లోపలికి పోద్దిరా. మెస్సు లేని ఆదివారం రాత్రి మనకి పోయినట్టే."

నేను నవ్వుతూ నోట్ చేసుకునేవాణ్ణి. మాక్ ఇంటర్వ్యూల్లో అదంతా నా అనుభవంలా చెప్పేవాణ్ణి. ఒకసారి సాయంత్రం ఆంధీ లేచింది. దుమ్ము గాలికి తలుపులు కొట్టుకుంటున్నాయి. వాడు మెట్లెక్కి పరిగెత్తి, కుండీని కడుపుకి హత్తుకుని దిగివచ్చాడు. చొక్కాలోంచి దిగిన ముళ్ళని ట్యూబ్‌లైట్ కింద కూర్చుని ఒక్కొక్కటే పీక్కున్నాడు. నేను తల ఎత్తి చూసి, మళ్ళీ పేపర్లో సంపాదకీయం చదువుకున్నాను.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. బోర్డులో నెరిసిన జుట్టు మేడమ్ ఒకావిడ నా కాగితం చూసి కళ్ళజోడు సర్దుకున్నారు. మీ కాక్టస్‌కి నీళ్ళు ఎప్పుడు పోయాలో మీకెలా తెలుస్తుందని ఇంగ్లీషులో అడిగారు. చీపురుపుల్ల సంగతి చెప్పాను. బోర్డు మొత్తం నవ్వింది. ఆదివారం మెస్సు సంగతి కూడా చెప్పాను. ఆవిడ ఇంకా నవ్వారు. అంతవరకూ వాతావరణం చల్లగా, గంభీరంగా ఉన్న గదిలో నేనొక్కసారిగా మనిషినయ్యాను.

తర్వాత ఆవిడ చాలా మామూలుగా, "మా ఇంట్లోనూ ఉన్నాయి. ఈ పుల్ల పద్ధతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మీకెవరు నేర్పారు?" అన్నారు.

నా రూమ్మేట్ అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ మరి ఇది ఎవరి హాబీ అని ఆవిడ అడుగుతారేమోనని నా ప్రాణం గిలగిల్లాడింది. "ఎవరూ నేర్పలేదు మేడమ్, నాకు నేనుగా గమనించి తెలుసుకున్నాను," అన్నాను. ఆవిడ మెచ్చుకోలుగా తలూపి కాగితం మీద ఏదో రాసుకున్నారు.

భయంలో ఆడిన అబద్ధమని దాన్ని సరిపెట్టుకోవచ్చు. అంత పెద్ద గదిలో అందరూ ఏదో ఒకటి తమదని చెప్పుకునే వస్తారు. నన్ను ఇప్పటికీ తలెత్తుకోనివ్వనిది, ఆ తర్వాత గేటు బయట జరిగింది.

వాడు ఎండలో నిలబడి ఉన్నాడు. చేతిలో నా బ్యాగూ, నా కోసం కొన్న నిమ్మరసం సీసా. నన్ను చూడగానే ఎదురొచ్చాడు.

"ఏరా, మొక్క గురించి అడిగారా?"

అడిగారంటే ఏమడిగారంటాడు. ఒక్కో ప్రశ్నా, ఒక్కో జవాబూ చెప్పించుకుంటాడు. చివరికి ఆ ప్రశ్న దగ్గరికి వస్తాడు. ఇదంతా నాకు ఒక్క క్షణంలో తట్టింది.

"అడగలేదురా."

"ఒక్కటి కూడానా?"

"ఒగటి కూడా అడగలేదు."

వాడి మొహం చిన్నబోయింది. అయినా వెంటనే సర్దుకుని నా భుజం తట్టాడు. "పోనీలేరా. నా మాట విని నీ టైమంతా వేస్ట్ చేసుకున్నావు," అని నన్నే ఓదార్చాడు. నేను నిమ్మరసం మొత్తం తాగేశాను. వాడు తాగాడో లేదో కూడా అడగలేదు.

నాకు ఉద్యోగం వచ్చింది. నీ హాబీ కదా, నువ్వే ఉంచుకో అని నవ్వుతూ కాక్టస్‌ని నాకు వదిలేసి వాడు తెనాలి వెళ్ళిపోయాడు. ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ స్థిరపడ్డాడు. నేను ఏ ఊరికి బదిలీ అయినా ఆ కుండీని ఒళ్ళో పెట్టుకునే వెళ్ళాను. ఇప్పుడు మళ్ళీ ఢిల్లీలోనే, ద్వారకలో మా ఫ్లాట్ బాల్కనీలో ఉంది. దాని చుట్టూ పిల్లలు పుట్టి కుండీ మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. చీపురుపుల్ల గుచ్చేది నేనే, టూత్‌బ్రష్‌తో దులిపేది నేనే. సిగ్గుతో మొదలుపెట్టిన పనే అయినా ఇప్పుడు నిజంగానే నాకదొక హాబీ. ఇంటికొచ్చినవాళ్ళు మెచ్చుకుంటే మాత్రం మాట మార్చేస్తాను.

ఈమధ్య వాడు కూతుర్ని ఇక్కడి కాలేజీలో చేర్చడానికి వచ్చి మా ఇంట్లో దిగాడు. చెప్పులు విప్పి నేరుగా బాల్కనీలోకి వెళ్ళాడు.

"ఒరేయ్, ఇదింకా బతికే ఉందా! ఎంత సంసారం పెట్టిందిరా!"

కూతుర్ని పిలిచి చూపించాడు. "ఇదేనమ్మా నేను చెప్తుంటానే, ఆ మొక్క. నా బోడి సలహా విని మీ అంకుల్ దీంతో నానా తంటాలూ పడ్డాడు. తీరా చూస్తే బోర్డులో ఒక్క ప్రశ్న పడలా." ఆ తర్వాత నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నీకు ర్యాంకు ఇంకా పైన రావాల్సిందిరా. ఆ టైములో ఇంకేదన్నా చదివుంటే వచ్చేది. నాకిప్పటికీ మనసులో పీకుతూనే ఉంటది."

ఇన్నేళ్ళూ వాడు మోసిన బరువు అది. నేను ఎత్తిపెట్టిన బరువు. ఇక ఊరుకోలేకపోయాను.

"అడిగినార్రా."

"ఏంటి?"

"మొక్క గురించి. శానాసేపు అడిగినారు. నీ చీపురుపుల్ల సంగతి చెప్తే అందరూ నగినారు. మెస్సు మాట కూడా చెప్పినా. ఒక మేడమ్ ఏందో రాసుకునింది కూడా."

తిడతాడనుకున్నాను. ఎందుకు దాచావురా అంటాడనుకున్నాను. వాడికి ఆ ఆలోచనే రాలేదు. మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. "చీపురుపుల్ల చెప్పావా! బోర్డులోనా!" అని కూతురి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత నా మొహం చూడకుండా, కాక్టస్ ముళ్ళని వేలితో నెమ్మదిగా తాకుతూ, ఊరికే అడిగినట్టుగా అడిగాడు.

"నా గురించేమన్నా చెప్పావా?"

నిజం నోటిదాకా వచ్చింది. పక్కన కూతురు కళ్ళింత చేసుకుని చూస్తోంది. వాడి వేలు ముళ్ళ మీద ఆగిపోయి ఉంది.

"చెప్పినా," అన్నాను.

వాడు వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. నేను టీ పెడతానని వంటింట్లోకి పారిపోయాను. అయినా వాడి గొంతు వినిపిస్తూనే ఉంది. "ఏమేవ్, మా వాడు బోర్డులో నా మాట చెప్పాడంట! ఆఁ, నేనే నేర్పానని! మేడమ్ రాసుకుందంట కూడా!" టీ పొంగిపోయి స్టవ్వంతా పాడైంది.

తర్వాత కూతురు మా ఇద్దరికీ కాక్టస్ పక్కన ఫొటో తీసింది. భుజం మీద చెయ్యి వెయ్యరా అన్నాడు వాడు. వేశాను. ఇప్పుడు వాడి వాట్సాప్‌లో డీపీ ఆ ఫొటోనే. రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ పెడతాడు. నేనూ తిరిగి పెడతాను.