అడవి మీద అడ్వాన్స్

మా ఊరంతా సూరత్‌ల వడోద్ బస్తీలనే ఉంటది, మగ్గాల కాడ. ఊరి పక్క అడవికి ఫండు పెడుతున్నరని చెప్పనీకి ఓ సారు అందుకే సూరత్ దాకా వచ్చిండు.

"అసలు సొమ్ము ఎన్నటికీ బ్యాంకులనే ఉంటది. ఏటేటా మిత్తి మాత్రం అడవి కాపలాకు, మీ ఊరికి."

ముట్టకుండ పైసలు దాచుడు మా ఇంటా వంటా లేదు. మాకు తెలిసింది పగారు మీద అడ్వాన్స్ ఒక్కటే. మా బావ లేచి, "సార్, వచ్చే ఏటి మిత్తిలకెళ్లి జర అడ్వాన్స్ ఇయ్యుండ్రి" అన్నడు. అందరికంటె గట్టిగ తలూపింది నేనే.

సారుకు మండింది. "అన్నీ ముందే తింటే మనుమలకు ఏం మిగులుతదయ్యా?"

బావ నవ్విండు. "మా తాతలు అడవిని గట్లనే తిన్నరు సార్. మాకు సూరత్ మిగిలింది."