డ్రైవరుతో మాట్లాడరాదు

సిటీ బస్సులో డ్రైవరు సీటు వెనక ఒక బోర్డు ఉంటుంది. 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని. రాసినవాళ్లు ప్రయాణికుల కోసం రాశారు. ఈ డ్రైవరు మాత్రం తన కోసమే రాశారనుకున్నాడో ఏమో, ఇంటికొచ్చాక కూడా ఆ బోర్డు మెడలో వేసుకునే తిరిగేవాడు. డిపోలో కండక్టర్లు ఆయనకు మౌనిబాబా అని పేరు పెట్టారు. కూర బాగుంటే రెండోసారి వడ్డించుకునేవాడు, బాగాలేకపోతే మంచినీళ్లు తాగి లేచేవాడు. భార్య అర్థం చేసుకునేది. చేసుకోక ఏం చేస్తుంది!

రేవు నుంచి ఆస్పత్రి దాకా, ఉద్యోగంలో చేరింది మొదలు ఆయనది ఒకే రూటు. భార్య ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. ఆదివారం మధ్యాహ్నం మిషను మీద గుడ్డ కప్పి, ఆయన బస్సెక్కి, టిక్కెట్టు తీసుకుని, సరిగ్గా ఆయన వెనక కిటికీ పక్కన కూర్చునేది. ఆ చివరి దాకా వెళ్లి, దిగకుండానే వెనక్కి, ఒక చుట్టు. ఆవిడ కిటికీలోంచి చూసేది, ఆయన రోడ్డు చూసేవాడు. మొగుడూ పెళ్లాల షికారు అంతే. అలా ఒక ఆదివారం దిగబోతుంటే ఆయన వెనక్కి తిరక్కుండానే, "రిటైరవనీ, నీకు ప్రపంచమంతా చూపిస్తా," అన్నాడు. నోరు విప్పడమే అపురూపమైన మనిషి అంత పెద్ద మాట అంటే ఆవిడ ఊరికే వదులుతుందా? కొంగున ముడేసుకుంది.

తీరా రిటైరయ్యే రోజు వచ్చేసరికి, అదే రూటు తోలుతూ కొత్త డ్రైవర్లకు పని నేర్పడానికి ఇంకో రెండేళ్లు ఉండమన్నాడు డిపో మేనేజరు. ఆయన తలూపి ఇంటికొచ్చాడు. "రెండేళ్లే కదా. ప్రపంచం ఎక్కడికి పోతుంది?" అన్నాడు.

ప్రపంచం ఎక్కడికీ పోలేదు, పాపం.

రెండేళ్లూ గడిచాక ఇల్లు అమ్మకానికి పెట్టారు. వెనక్కి వచ్చేది లేదు, కాళ్లాడినన్నాళ్లు తిరగడమే అనుకున్నారు. మనిషికో పెట్టె. అందులో పట్టనిదేదీ తమది కాదు. మొదటి మజిలీకి ఓడ టిక్కెట్లు కూడా తీశారు. ఆవిడ తమ్ముడు వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "కాళ్లు చాపుకుని కూర్చోవాల్సిన వయసులో కాళ్లకి చక్రాలు కట్టుకుంటారేంటి బావా?" అంటూనే బీరువాకి కొలతలు తీసుకున్నాడు. మేనమామ పోలిక, తిడుతూనే పట్టుకుపోతాడు.

బీరువా పోయింది, మంచం పోయింది. కుట్టుమిషను గుమ్మం దాటుతుంటే ఆయనకే గుండె కలుక్కుమంది గానీ, ఆవిడ మాత్రం "తీసుకెళ్లనీండి" అని ఊరుకుంది. ఒక్క దాని దగ్గరే పేచీ. వంటింటికీ వసారాకీ మధ్య దారిలో ఒక ముక్కాలి పీట ఉండేది. రంగు పోయి, ఒక కాలు అరిగి, పొయ్యిలో పెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరానిది. "అది మాత్రం కదపొద్దు. మనం వెళ్లేరోజు తీద్దాం," అంది. ఏ పిచ్చి వాళ్లకానందం అనుకున్నాడాయన. ఈమధ్య ఆవిడ సూదిలో దారం ఎక్కించమని పక్కింటి పిల్లను పిలుస్తోంది, పిలిస్తే అటు కాకుండా ఇటు తిరుగుతోంది. వయసు కదా అనుకున్నాడు. తర్వాత ఒకనాడు, ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు, ఇలాంటి వాటి మీద మమకారం పెంచుకుంటే బయల్దేరేరోజు బాధపడుతుందని, బావమరిది చంకలో ఆ పీట పెట్టి పంపేశాడు.

కాసేపటికి వసారాలో ధబ్బుమని చప్పుడైంది. వెళ్లి చూస్తే ఆవిడ మెట్టు కింద బోర్లా పడి ఉంది. నుదురు చిట్లింది. లేవదీయబోతే, ముందు చేత్తో గాలిలో వెతికింది.

"పీట ఏదండీ?" అంది. "ఆ పీట కాలికి తగిలితే మెట్టొచ్చినట్టు నాకు."

"నీకు... కనపట్లేదా?"

"ఎదురుగా కాస్త. గొట్టంలోంచి చూసినట్టు. అదీ మసకే." కొంగుతో నుదురు ఒత్తుకుంది. "నీటికాసులన్నాడు డాక్టరు. పోయిన చూపు రాదుట. మిగిలింది కూడా ఉండదుట."

"ఎప్పటినుంచి?"

"మీరు రెండేళ్లు ఉండిపోయారు చూడండి, అప్పట్నుంచి. చెప్తే ప్రయాణం మానేస్తారని చెప్పలేదు."

"నాకు తెలీకుండా ఆస్పత్రికెలా వెళ్లావే?"

"మీ బస్సులోనే," అంది. "ఆదివారం కూడా కాదు. మీ వెనక సీట్లోనే కూర్చున్నా. ఆఖరి స్టాపులో దిగా. ఎందుకు దిగుతున్నావని అడుగుతారేమో అని చూశా." అంత నొప్పిలోనూ నవ్వబోయింది. "బోర్డుంది కదా, మీరు మాత్రం ఏం చేస్తారు!"

ఆయన ఆ ఖాళీ ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే వాళ్లకు ఆకులైనా ఉంటాయి, తనకు అవీ లేవు. ఏడ్చాడు. తర్వాత, టిక్కెట్లు వెనక్కిచ్చేస్తానన్నాడు. చూపించడానికే కదా వెళ్దామనుకుంది, ఇంకేం చూపిస్తాడు?

"ఇచ్చేద్దురుగాని. ముందు రేపు నన్ను మీ రూటు బస్సెక్కించండి," అంది ఆవిడ.

మర్నాడు ఎవరో కొత్త డ్రైవరు. వీళ్లిద్దరూ ఆ వెనక సీట్లోనే కూర్చున్నారు. అలవాటుగా ఆవిడే కిటికీ పక్కన.

"ఏం కనిపిస్తోంది?" అంది.

"రోడ్డు."

"ఇంకా?"

"ముందు లారీ. బ్రేకు లైటు పనిచెయ్యట్లేదు దానికి."

ఆవిడ నిట్టూర్చింది. ఆ దారిలో ఏ గుంత ఎక్కడుందో నిద్రలో అడిగినా చెప్తాడు. పక్కన ఏముందో ఎన్నడూ చూసిన పాపాన పోలేదు.

"మార్కెట్టు దాటాక మలుపులో నీలం గేటు ఇల్లుంటుంది. మేడ మీద పావురాల గూళ్లు. ఉన్నాయా?"

ఆయన చూశాడు. అక్కడ ఇల్లూ లేదు, గేటూ లేదు. రేకుల షెడ్డు కింద వరసగా స్కూటర్లు. గొంతు సవరించుకుని, "ఆఁ, ఉన్నాయి," అన్నాడు.

"పావురాలు?"

"బోలెడు."

ఆవిడ ఆయన చేతిలోంచి చెయ్యి తీసేసుకుంది. "ఆ ఇల్లు కూలగొట్టేశారండీ. కూలగొడుతుంటే ఈ సీట్లోంచే చూశాను. అప్పటికింకా కనిపించేది." "మీ జాలి నాకెందుకు? కళ్లుగా వస్తారనుకున్నా. ఇలా అయితే నిజంగానే టిక్కెట్లు ఇచ్చేయండి."

బస్సు రెండు స్టాపులు దాటింది.

"రేకుల షెడ్డు," అన్నాడు చివరికి. "స్కూటర్లు పెట్టుకునేది. పావురాల్లేవు. ఒకటుంది. రేకు మీద." ఆగి మళ్లీ అందుకున్నాడు. "ఇప్పుడు బట్టల కొట్టు. బయట బొమ్మకి గౌను తొడుగుతున్నాడు, చెయ్యి పట్టక తంటాలు పడుతున్నాడు. అరటిపళ్ల బండి. పక్కన ఒకతను నిలబడే నిద్రపోతున్నాడు..." కొత్తగా బస్సు నేర్చుకునేవాడిలా కుదుపులతో, ఆగుతూ, చెప్పుకుంటూ పోయాడు. ఆవిడ కళ్లు మూసుకుని వింది.

ఆఖరి స్టాపు వచ్చింది.

"ఆస్పత్రి గేటు," అన్నాడు. "లోపల మెట్లు. చాలా ఉన్నాయి. ఎవరో ఒకావిడ ఎక్కుతోంది. ఒక్కతే. గోడ పట్టుకుని..."

అక్కడ ఆగాడు.

"ఆపకండి," అంది ఆవిడ. "ఏం చేస్తోంది?"

"వెనక్కి తిరిగి బస్సు వంక చూస్తోంది."

"ఆ రోజు నేనూ చూశాను," అంది. తడుముకుంటూ ఆయన చెయ్యి అందుకుంది. "ఓడ టిక్కెట్లు ఉంచండి."