దీపం పట్టిన మట్టి నాణెం

మొదటి ప్రపంచ యుద్ధకాలంలోనూ ఆ తర్వాతా చిల్లరకు కటకటై జర్మనీలో ఊరూరా సొంతంగా నాణేలు వేసుకున్నారట. ఆ ఊరి పొలిమేర దాటితే అవి చెల్లవు. ఆఫీసు పని మీద ఆ దేశం వెళ్ళిన అన్నయ్య వాటిని సేకరించడం మొదలుపెట్టాడు. జింకువి, ఇనుపవి, ఒకటి మాత్రం కాల్చిన ఎర్రమట్టిది. ఆదివారాలు మాదాపూర్‌లో మా అద్దె ఇంటి వరండాలో కూర్చుని చూపించేవాడు. కోట గుమ్మం, ఎలుగుబంటి, చేపల వల. వెండి దొరకనప్పుడే బొమ్మ మీద శ్రద్ధ పెట్టారనేవాడు. మట్టిదాని మీద దీపం పట్టుకుని గనిలోకి దిగుతున్న మనిషి ఉన్నాడు. వీపే కనిపిస్తుంది.

హైటెక్ సిటీ మొదటి భవనం లేస్తున్న రోజుల్లో అన్నయ్య జ్వరంతో పోయాడు. నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచింది నేను. వెనక్కి తిరగకూడదు. వెనక మామయ్య పేలాలూ చిల్లరా చల్లుతున్నాడు. కొంత దూరం పోయాక ఆ చప్పుడు మారింది. జింకు మొద్దుగా పడుతుంది. అలమరలోని అన్నయ్య నాణేల డబ్బా ఆయన చేతిలో ఉందని తెలిసింది. శ్మశానం దాకా వింటూ నడిచాను.

"చిల్లర అయిపోయిందిరా. విదేశీవైతే మాత్రం పైసలు కావూ?" అన్నాడు మామయ్య తర్వాత.

మర్నాడు మధ్యాహ్నం ఆ దారిలో వెతకడానికి బయల్దేరాను. ఆసుపత్రి మంచం మీద అన్నయ్య గుప్పిట్లో ఉంచుకున్నది ఆ మట్టి నాణెమే; పోయాక తీసి డబ్బాలో వేశాం. అదొక్కటి దొరికితే చాలు.

"ఆ దారిలోది ఏదీ గుమ్మం లోపలికి తేకు" అంది అమ్మ.

రాళ్ళగుట్టల మధ్య దారిలో రూపాయి బిళ్ళలు ఒక్కటీ లేవు. అన్నయ్యవి మాత్రం అలాగే ఉన్నాయి. ప్రతిదీ బొమ్మవైపు పైకి. ఒక్కటీ బోర్లా పడలేదు.

పక్క గుడిసెలోంచి కూలి పనిచేసే ఆమె వచ్చింది. "మా పోరగాళ్ళు రూపాయలు ఏరుకున్నరు సారూ. ఇవైతే ముట్టలే."

"ఎందుకని?"

"ఏమో, భయమైతుందన్నరు."

శ్మశానం మలుపులో మట్టి నాణెం కనిపించింది. వంగాను. వెంటే వచ్చిన ఆమె ఆపింది.

"గది ముట్టొద్దు సారూ. పొద్దుగాల ఊడ్చిన, ఈడ లేకుండె. తీస్తే ఎంబడొస్తరు."

"ఎవరు?"

"ఎవలిదో ఆల్లే. సదువుకున్నోళ్ళు, మీకు నేను జెప్పాల్నా?"

తీసుకున్నాను. ఎండలో పడి ఉన్నా చల్లగా ఉంది. తిరిగి వస్తుంటే వెనక పేలాలు నలుగుతున్న చప్పుడు. నేను ఆగితే ఆగింది. ఈసారి తిరిగి చూడవద్దని ఎవరూ అనలేదు. అయినా చూడలేదు. చూస్తే ఎవరూ ఉండరేమోనని.

అమ్మ తలుపు ఒక రెక్క తీసి నిలబడింది. గుప్పిట విప్పి చూపించాను. తిడుతుందనుకున్నాను. ఆమె నాణెం కేసి చూడలేదు. నా భుజం మీదుగా వీధిలోకి చూస్తోంది.

"కాళ్ళు కడుక్కో" అంది. నాతో అన్నట్టు లేదు.

గడియ తీసి రెండో రెక్క కూడా తెరిచింది. నేను లోపలికి వెళ్ళిపోయాక కూడా కాసేపు అలాగే పట్టుకుని ఉంది.