చెవి మేస్త్రి భుజం

ఆయన్ని ఆ వీధిలో అందరూ చెవి మేస్త్రి అంటారు. చెవులు పెద్దవని కాదు, మామూలు చెవులే. చిన్న ఇంజన్లు బాగుచేయడం ఆయన పని. నీళ్ల పంపులు, మందు కొట్టే పంపులు, కరెంటు పోతే నడిపే జనరేటర్లు, గడ్డి కోసే మిషన్లు, ఏది పాడైనా మిగతా మేస్త్రీలు ముందు స్పానరు తీస్తే, ఈయన ముందు చెవి ఒగ్గేవాడు. "ఒక్కసారి స్టార్ట్ చెయ్యి," అనేవాడు. కళ్లు మూసుకుని విని, "ప్లగ్గు," అనో, "వాల్వు," అనో తేల్చేసేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. ఒకసారి మంగలి షాపులో గడ్డం నిండా నురగతో కూర్చుని, బయట పోతున్న ఎవరిదో మోటారు సైకిలు చప్పుడు విని, "అతన్ని ఆపండి, చైను తెగబోతోంది," అని కేకేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది తెగిందో లేదో మాత్రం ఎవరూ చెప్పరు.

దేవుడికి వెటకారం ఎక్కువ. అలాంటి మనిషికి ఏ జబ్బయినా ఇవ్వొచ్చు కదా, మోకాళ్ల నొప్పులున్నాయి, అజీర్తి ఉంది. ఏరికోరి చెవుడే ఇచ్చాడు.

మొదట పిట్టల కూతలు పోయాయి. పిట్టలతో ఆయనకు పెద్దగా పనేం లేదు కాబట్టి పట్టించుకోలేదు. తర్వాత ఫోను మోగడం పోయింది, అదీ ఒకందుకు మంచిదే అనుకున్నాడు. ఆ తర్వాత కొట్టులోనే, రెండు చేతుల దూరంలో నడుస్తున్న ఇంజను ఒట్టి హోరుగా మారింది. అందులో ఇదివరకు వేరువేరుగా వినపడే టకటకలు, గరగరలు, ఈలలు అన్నీ కలిసి ముద్దయిపోయాయి. ఆ రోజు ఆయనకు అన్నం సయించలేదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదంటే సరిగ్గా ఉంటుంది. పేరే చెవి మేస్త్రి అయినవాడు ఏమని చెప్తాడు? దాని బదులు నటన మొదలుపెట్టాడు. ఎవరేం మాట్లాడినా తలూపడం, "ఆ, ఆ, చూద్దాం," అనడం. ఒకాయన టైమెంతయిందని అడిగితే, "రేపు సాయంత్రం తీసుకెళ్లండి," అన్నాడు. ఇంజను స్టార్ట్ చేసి, "మీరే చెప్పండి, చప్పుడు ఎలా ఉంది?" అని గిరాకీనే అడగడం నేర్చాడు. మేస్త్రికి వయసుతో పాటు వినయం వచ్చిందని జనం మెచ్చుకున్నారు.

కొట్టు వెనక గోడకు ఆనుకునే వంటిల్లు. పెళ్లయి వచ్చిన నాటినుంచీ మేస్త్రి భార్య ఆ గోడకు అవతల పొయ్యి దగ్గర నిలబడి ఇంజన్ల మధ్యే వంట చేసింది. ఆవిడకో సరదా ఉంది. నోటితో ఇంజన్లను అనుకరిస్తుంది. తలనొప్పి వచ్చిన జనరేటరు, నిద్రలేవనంటున్న స్కూటరు, ఎక్కిళ్లు పట్టిన పంపు. ఆడపడుచుల పిల్లలు వస్తే, "అత్తా, పంపు అత్తా!" అని చుట్టూ చేరేవాళ్లు. మేస్త్రికి ఇది బొత్తిగా గిట్టేది కాదు. "నా పనిని నవ్వులపాలు చేస్తున్నావే," అని విసుక్కునేవాడు. ఆయన విసుక్కోగా విసుక్కోగా, ఆవిడ ఆ సరదాను ఎప్పుడో మానేసింది. మానేసిందనే ఆయన అనుకున్నాడు.

ఈ మధ్య బావమరిది ఒక మాట తెచ్చాడు. అతనికి పక్క వీధిలో పైపుల దుకాణం ఉంది. సరుకు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు. "బావా, ఎన్నాళ్లని ఈ నూనె, ఈ మసి? కొట్టు నాకిచ్చెయ్యి, పైపులు పెట్టుకుంటాను. నువ్వొచ్చి నా దుకాణంలో కుర్చీలో కూర్చో. ఫ్యాను కింద," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మేస్త్రి తలూపాడు. తీరా చూస్తే ఈసారి ప్రతి మాటా స్పష్టంగా వినపడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే గడ్డి మిషను వచ్చింది.

అది బడి ఆటస్థలం మాలిది. పెట్రోలుతో నడిచే పాత మిషను, తాడు లాగితే స్టార్టయ్యేది. స్టార్టవడంలో దానికి ఏ లోటూ లేదు. ఒక్క లాగుడికే లేచి కూర్చునేది. కాసేపు దిట్టంగా గడ్డి కోసి, ఉన్నట్టుండి ఆగిపోయేది. మేస్త్రి ప్లగ్గు మార్చి పంపాడు. తిరిగొచ్చింది. కార్బురేటరు విప్పి, సన్నటి రంధ్రాలన్నీ ఊది, గాలి ఫిల్టరు కడిగి పంపాడు. మళ్లీ తిరిగొచ్చింది. ఇప్పుడు మూడోసారి, పొద్దున్నే, మాలి దాన్ని తోసుకుంటూ వచ్చి కొట్టు ముందు నిలబెట్టాడు.

"ఎలా ఆగుతోంది?" అని మేస్త్రి అడిగాడు.

"ఎలా ఆగుతుంది మేస్త్రీ, ఆగినట్టే ఆగుతుంది," అన్నాడు మాలి. తర్వాత దగ్గరికొచ్చి, ఒక్కో మాటా గట్టిగా నొక్కి చెప్పాడు. "ఎల్లుండి పిల్లలకు ఆటల పోటీలు. గడ్డి మోకాళ్ల దాకా లేచింది. సాయంత్రానికి బాగవకపోతే వేరే షాపుకు తీసుకెళ్తాను. ఏమనుకోకండి. మీరంటే గౌరవమే."

ఆ చివరి మాట మేస్త్రికి ఎక్కడో తగిలింది. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. మాలి వెళ్లాక బావమరిదికి కబురు పంపాడు, సాయంత్రం రమ్మని. ఈ మిషను నడిస్తే కొట్టు ఉంటుంది, నడవకపోతే తాళం అతని చేతిలో పెట్టేస్తాను అని తనలో తను అనుకున్నాడు. అనుకోగానే భయమేసింది. అయినా మాట మార్చుకోలేదు.

మేస్త్రి లెక్కలో ఆగిపోయే ఇంజనుకు ముఖ్యంగా రెండే జబ్బులు. నిప్పు అందకపోవడం ఒకటి, పెట్రోలు అందకపోవడం ఇంకోటి. నిప్పు పోయిన ఇంజను మాట మధ్యలో నోరు మూసేసినట్టు టక్కున ఆగుతుంది. పెట్రోలు అందనిది అంత తేలిగ్గా పోదు. కాసేపు పరుగెడుతుంది, నీరసపడుతుంది, మళ్లీ ఎగబడుతుంది, చివరికి గొణుక్కుంటూ పడుకుంటుంది. చెవులు పనిచేసే మేస్త్రికి ఇదొక విద్యే కాదు. ఈయనకిప్పుడు రెండూ ఒకటే. ఇందాక హోరు ఉంది, ఇప్పుడు లేదు. హ్యాండిలు పట్టుకుని చూశాడు. బోల్టులన్నీ అరిగిన ఆ మిషను బాగున్నా బాగోకపోయినా ఒకేలా వణుకుతుంది. చెయ్యి పట్టుకుంటే నాడి దొరకలేదు.

ప్లగ్గు మళ్లీ విప్పి, బయట పెట్టి తాడు లాగాడు. తళుక్కుమని నిప్పు కనిపించింది. ట్యాంకు మూత తీసి చూశాడు. పెట్రోలు నిండుగా ఉంది. మూత బిగించి తాడు లాగాడు. నడిచింది, ఆగింది. మూత తీసి చూశాడు, బిగించాడు, లాగాడు. నడిచింది, ఆగింది. ఎండ కొట్టులోకి వచ్చింది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. స్పానరు కింద పడేసి, "చావు!" అన్నాడు మిషనుతో.

భార్య టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి ఏదో అంది. మేస్త్రి తలూపాడు. ఆవిడ మళ్లీ ఏదో అంది. "చూద్దాంలే," అన్నాడాయన చిరాగ్గా, తాడు లాగుతూ.

ఇంజను లేచింది. ఆవిడ లోపలికి వెళ్లిపోలేదు. ఆయన వెనక నిలబడి, భుజం మీద చెయ్యి వేసింది. వేళ్లతో తట్టడం మొదలుపెట్టింది. పిలుస్తోందేమోనని ఆయన భుజం విదిలించాడు. ఆవిడ చెయ్యి మళ్లీ అక్కడికే వచ్చింది. టకటకటక, టకటకటక. పిలిచే తట్టుడు కాదది. సమంగా, తొందర లేకుండా సాగుతోంది. మేస్త్రి విదిలించబోయి ఆగాడు. ఆవిడ వేళ్లలో ఇంజను నడుస్తోంది.

కళ్లు మూసుకున్నాడు. ఎన్నాళ్లయిందో ఆయన అలా కళ్లు మూసుకుని.

వేళ్లు సమంగా సాగాయి. కాసేపటికి ఒక్కసారిగా వేగమందుకున్నాయి. వెంటనే మందగించాయి. మళ్లీ పరుగు, మళ్లీ నీరసం. ఒకటి తప్పి ఒకటి, ఒకటి తప్పి ఒకటి. చివరికి చూపుడువేలు ఒక్కటే బతిమాలుతున్నట్టు కొట్టుకుని ఆగిపోయింది. కింద మిషను కూడా ఆగిపోయి ఉంది.

"పెట్రోలు," అన్నాడు మేస్త్రి కళ్లు తెరవకుండానే. "నిప్పు కాదే, పెట్రోలు అందడం లేదు!"

పెట్రోలయితే నిండుగా ఉంది. గొట్టం శుభ్రంగా ఉంది, కార్బురేటరు తనే కడిగాడు. మరి అడ్డేమిటి? అలవాటుగా ట్యాంకు మూత తిప్పాడు. భార్య ఆయన చెవి దగ్గరికి వంగింది.

"అదిగో, మళ్లీ సుయ్‌మంది."

"ఏమిటి?"

"మూత తీసినప్పుడల్లా సుయ్‌మని గాలి పీల్చుకుంటోంది. పొద్దున్నుంచీ వంటింట్లోంచి వింటూనే ఉన్నాను. మీరు పట్టించుకోకపోతే ఏదో లెక్క ఉందేమో అనుకున్నా. తర్వాత..." ఆవిడ ఆగింది. "మీకు వినపడలేదని తెలుసు."

మేస్త్రి ఆవిడ వైపు చూశాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మీరు ఉప్పెక్కువైందా అంటే ఊ, తక్కువైందా అంటే ఊ అన్న రోజునుంచీ," అంది ఆవిడ. "మీ అంతట మీరే చెప్తారని చూస్తున్నా. చెప్పకపోతిరి."

నవ్వాలో ఏడవాలో ఆయనకు తెలియలేదు. సిగ్గుగా ఉంది, ఒళ్లు తేలిగ్గానూ ఉంది. చేతులు మాత్రం మూత వదల్లేదు. పెట్రోలు వాడకమయ్యేకొద్దీ ట్యాంకులోకి గాలి వెళ్లాలి. వెళ్లకపోతే లోపలిదేదీ కిందికి దిగదు. అందుకే మూతకు గుండుసూది పట్టేంత రంధ్రం ఉంటుంది. మూత బోర్లించి వెలుతురుకు పట్టాడు. లోపల నల్లటి రబ్బరు బిళ్ల, మూతతో పాటే పుట్టినట్టు అమరి ఉంది. గోటితో లేపాడు. సైకిలు ట్యూబు ముక్క! ఎవరో గుండ్రంగా కత్తిరించి అతికించారు. దాని కింద రంధ్రం కళ్లు మూసుకుని ఉంది. ఎన్నిసార్లు ఈ మూత తీశాడు తను! తీసినప్పుడల్లా గాలి దూరి ఇంజను బతికింది, బిగించినప్పుడల్లా తనే దాని గొంతు నులిమాడు.

రబ్బరు తీసేసి, రంధ్రంలో సూది పెట్టి పొడిచి, మూత బిగించి తాడు లాగాడు. భార్య చెయ్యి భుజం మీదికి వచ్చింది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. వేళ్లు సమంగా సాగాయి. టీ చల్లారింది. ఎండ గోడ మీదికి పాకింది. వేళ్లు ఎక్కడా తడబడలేదు.

"చెయ్యి నొప్పెడుతోందండీ," అంది ఆవిడ చివరికి.

సాయంత్రం మాలి వచ్చాడు. ట్యూబు ముక్క చూపిస్తే నాలిక కరుచుకున్నాడు. గడ్డి కోస్తుంటే ఆ రంధ్రంలోంచి పెట్రోలు చిందేదట. ప్యాంటు మీద పడితే ఆ వాసనకు ఇంట్లో గుమ్మం దాటనిచ్చేవాళ్లు కారట. "చక్కగా కత్తిరించాను కదా మేస్త్రీ," అన్నాడు, తప్పు ఒప్పుకుంటూనే పనితనం వదులుకోలేక. "అంత నిండా పొయ్యకు, చిందదు," అని చెప్పి మేస్త్రి మిషను స్టార్ట్ చేసి ఇచ్చాడు.

అప్పుడే బావమరిది వచ్చి ఏదో అడిగాడు. మిషను హోరు. మేస్త్రి తల అలవాటుగా ఊగబోయింది. ఊగలేదు.

"గట్టిగా చెప్పవయ్యా. నాకు చెవులు వినపడవు," అన్నాడు.

అంత మాట అంత మామూలుగా బయటికొస్తుందని ఆయనే అనుకోలేదు. చెవి మేస్త్రికి వినపడకపోవడమేమిటని మాలి పగలబడి నవ్వాడు. నవ్వుతూనే మేస్త్రి మొహం చూసి ఆపేశాడు.

"తాళం ఇవ్వడానికేనా బావా రమ్మన్నావు!" అని అరిచాడు బావమరిది.

"ఇవ్వను. నాకు కొత్త చెవులొచ్చాయి. మీ అక్కను అడుగు."

బావమరిది అక్క వైపు చూశాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి, పెదాలు బిగించి, అచ్చం గడ్డి మిషనులాగే చప్పుడు చేసింది. చేస్తూ ఒక కంట భర్తను చూసింది. ఆయన ఈసారి విసుక్కోలేదు. అందులో ఒక్క ముక్కా వినపడకపోయినా అందరికంటే గట్టిగా నవ్వాడు.

అందరూ వెళ్లాక మేస్త్రి వంటింట్లోని స్టూలు తెచ్చి తన పీట పక్కన వేశాడు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామని భార్య అంటే, వెళ్దామన్నాడు. "ఆయన చెవి మిషను ఇచ్చినా సరే, ఈ స్టూలు మాత్రం ఇక్కణ్ణుంచి తియ్యను," అన్నాడు. స్పానర్లు తుడిచి సర్దుతుంటే భుజం మీద మళ్లీ వేళ్లు పడ్డాయి. కొట్టులో ఏ ఇంజనూ నడవడం లేదు. ఆయన కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నాడు.

"ఇది ఎవరి బండే? కొత్తగా ఉంది."

ఆవిడ చెవి దగ్గరికి వంగింది. "మన ఇంటిదే. అన్నం చల్లారిపోతోంది, లేవండి."

మేస్త్రి కొట్టుకు తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే వేసుకుని, ఆవిడ వెనకాల లోపలికి నడిచాడు.